ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే: విశాఖవాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఇళ్ళలో, చిన్న షాపుల్లో, ట్యూషన్ సెంటర్లలో కంప్యూటర్ వాడేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. ఎక్కువమంది దగ్గర ఉన్నది విండోస్ 10 గానీ 11 గానీ కాబట్టి జవాబులు వాటికి సరిపోయేలా రాశాను. మెనూల పేర్లు మీ స్క్రీన్ మీద ఎలా కనిపిస్తాయో అలాగే ఉంచాను, వెతుక్కోవడం తేలికవుతుంది.

ఒక్క మాట అన్నిటికంటే ముందు చెప్పాలి. ఏ రిపేరు మొదలుపెట్టినా, ఎవరు మొదలుపెట్టినా, మీ ఫైళ్ళకి ఇంకోచోట కాపీ ఉందో లేదో చూసుకోండి. విండోస్ మళ్ళీ వేసుకోవచ్చు. డిస్క్ కొత్తది కొనుక్కోవచ్చు. అమ్మాయి పెళ్ళి ఫొటోలు ఏ షాపులోనూ దొరకవు.

సిస్టమ్ బాగా స్లో అయిపోయింది. ఫార్మాట్ కొట్టించమంటున్నారు. కొట్టించాలా?

అప్పుడే వద్దు. స్లో అవ్వడానికి కారణం తెలుసుకోకుండా ఫార్మాట్ కొట్టిస్తే కొన్ని వారాలు బాగుంటుంది, తర్వాత మళ్ళీ మొదటికొస్తుంది. ఈలోగా ట్యాలీ డేటానో, డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫోల్డరో పోయి ఉంటుంది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న కిటికీ వస్తే కింద మోర్ డీటెయిల్స్ నొక్కండి. అక్కడ సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరసలుంటాయి. సిస్టమ్ ఆన్ చేసి పది నిమిషాలైనా, మీరు ఏమీ తెరవకపోయినా, డిస్క్ దగ్గర 100 శాతం అని నిలబడి ఉంటే మీ సమస్య చాలావరకు అక్కడే ఉంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ మీద నొక్కితే అది హెచ్‌డీడీనా ఎస్ఎస్‌డీనా రాసి ఉంటుంది. హెచ్‌డీడీ, అంటే తిరిగే పళ్ళెం ఉన్న పాత హార్డ్ డిస్క్ మీద ఇప్పటి విండోస్ నడపడం కష్టం. దాని బదులు తిరిగే భాగాల్లేని ఎస్ఎస్‌డీ వేయిస్తే అదే ల్యాప్‌టాప్ కొత్తదానిలా లేస్తుంది. ఏడెనిమిదేళ్ళ పాత మెషిన్లకి కూడా పెట్టిన డబ్బుకి ఇంత ఫలితం ఇచ్చే పని ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

డిస్క్ బాగానే ఉండి మెమరీ 85, 90 శాతంలో ఉంటే ర్యామ్ చాలడం లేదు. 4 జీబీతో క్రోమ్‌లో పది ట్యాబులు తెరిస్తే అంతే. 8 జీబీ చేయించుకోండి. కొన్ని పలచటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడం కుదరదు. కొనేముందు మోడల్ నంబర్ చూపించి అడగాలి.

రెండూ బాగానే ఉన్నాయా? అదే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ చూడండి. ఆన్ అవగానే లేచి కూర్చునే ప్రోగ్రాములన్నీ అక్కడ ఉంటాయి. మీకు తెలిసినవి, అక్కర్లేనివి రైట్ క్లిక్ చేసి డిజేబుల్ చేయండి. డిజేబుల్ చేస్తే ప్రోగ్రాం పోదు, తనంతట తాను మొదలవడం ఆగుతుంది. అంతే. పేరు తెలియనివాటి జోలికి మాత్రం వెళ్ళకండి.

నేను రోజూ షట్‌డౌన్ చేస్తాను కదా. అయినా రీస్టార్ట్ చేయమంటారేమిటి?

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది, చాలా మెషిన్లలో అది ఆన్‌లోనే ఉంటుంది. షట్‌డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములు మూసేస్తుంది గానీ విండోస్ లోపలి భాగాన్ని డిస్క్ మీద అలాగే దాచిపెట్టి, మర్నాడు అక్కణ్ణుంచే లేపుతుంది. అందుకే తొందరగా ఆన్ అవుతుంది. లోపల చిక్కుపడ్డదేదైనా ఉంటే అదీ అలాగే లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే మొత్తం మొదటినుంచి మొదలవుతుంది.

నమ్మకం కుదరకపోతే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ తెరిచి కింద అప్ టైమ్ చూడండి. రాత్రి షట్‌డౌన్ చేసిన సిస్టమే అయినా, ఎన్నో రోజులుగా ఆగకుండా నడుస్తున్నట్టు అంకె కనిపిస్తుంది. సౌండ్ రాకపోయినా, బ్లూటూత్ కలవకపోయినా, ప్రింటర్ మొండికేసినా ముందు రీస్టార్ట్ చేసి చూడమనేది అందుకే.

సి డ్రైవ్ ఎర్రగా నిండిపోయింది. ఏది తీసేయొచ్చు?

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్. ఏది ఎంత తింటోందో అక్కడే చూపిస్తుంది. టెంపరరీ ఫైల్స్ నిశ్చింతగా తీసేయొచ్చు, కానీ ఆ జాబితాలోనే డౌన్‌లోడ్స్ అని కూడా ఒక గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టారంటే మీరు ఇన్నాళ్ళూ దింపుకున్న మార్కుల మెమోలు, కరెంటు బిల్లులు, ఎల్ఐసీ రసీదులు అన్నీ పోతాయి. మన ఇళ్ళలో చాలామందికి డౌన్‌లోడ్స్ ఫోల్డరే బీరువా. టిక్ లేకుండా చూసుకున్నాకే రిమూవ్ నొక్కండి.

సి డ్రైవ్‌లోకి వెళ్ళి పేరు తెలియని ఫోల్డర్లు చేత్తో డిలీట్ చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

విండోస్ 10 ఆపేశారంటున్నారు. నా సిస్టమ్ పనిచేయడం మానేస్తుందా?

మానేయదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. అంటే ఆ తర్వాత బయటపడే లోపాలకి మైక్రోసాఫ్ట్ ఉచితంగా అతుకులు వేయదు. ఇళ్ళలో వాడేవాళ్ళకి ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకునే వీలు పెట్టారు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అని కనిపిస్తే అది ఇదే.

విండోస్ 11 మీ సిస్టమ్‌కి ఎక్కుతుందో లేదో మైక్రోసాఫ్ట్ వాళ్ళ పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత యాప్ చెప్తుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగా చాలామందికి ఉంటాయి. అడ్డం పడేవి టీపీఎం 2.0 అనే భద్రత చిప్, ప్రాసెసర్ తరం. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి మొదలు. టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగ్స్‌లో) ఆఫ్ చేసి ఉన్న మెషిన్లు కొన్ని ఉంటాయి, ఆన్ చేస్తే సరిపోతుంది.

అడ్డదారిలో విండోస్ 11 ఎక్కిస్తామనేవాళ్ళు ఉన్నారు. ఎక్కుతుంది. రేపు అప్‌డేట్లు సరిగా వస్తాయన్న భరోసా మాత్రం లేదు. బ్యాంకు పనులు, జీఎస్టీ పనులు చేసుకునే సిస్టమ్ మీద ఆ ప్రయోగం వద్దు. బ్రౌజర్, యూట్యూబ్, కాసిని ఉత్తరాలు టైప్ చేసుకోవడం, ఇంతే మీ పనైతే విండోస్ బదులు లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేయించుకోండి. ఉచితం, పాత మెషిన్ మీద తేలిగ్గా నడుస్తుంది. ట్యాలీ లాంటివి వాడేవాళ్ళకి అది కుదరదు.

మా ఇల్లు బీచ్‌కి దగ్గర. ఏడాది తిరక్కుండానే యూఎస్‌బీ పోర్టులు పనిచేయడం లేదు. సాఫ్ట్‌వేర్ సమస్యా?

కాదు, ఉప్పుగాలి. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వెంట ఉన్న అపార్ట్‌మెంట్లలో ఇది చాలా మామూలు. మొబైల్ టార్చ్ వేసి పోర్టు లోపలికి చూడండి. మెరవాల్సిన పిన్నుల మీద పచ్చగానో తెల్లగానో పొడిలాంటిది అంటుకుని ఉంటుంది. గాలిలోని ఉప్పూ తేమా కలిసి లోహాన్ని తినేస్తున్న గుర్తు అది. అలాంటి పోర్టులో పెన్ డ్రైవ్ పెడితే ఒకసారి కలుస్తుంది, ఒకసారి కలవదు. జనం డ్రైవర్లు మార్చి మార్చి విసిగిపోతుంటారు.

సముద్రం వైపు కిటికీ కింద కంప్యూటర్ పెట్టకండి. గాలి బాగా తగులుతుందని అక్కడ పెడతారు, ఆ గాలే శత్రువు. వాడినా వాడకపోయినా వారానికి రెండుమూడుసార్లు ఒక గంట ఆన్‌లో ఉంచండి, లోపలి వేడికి తేమ ఆరుతుంది. వేసవి సెలవులకి ఊరెళ్తూ నెలన్నర మూసిపెట్టిన సిస్టమ్ తిరిగొచ్చాక ఆన్ అవ్వకపోవడం చాలా ఇళ్ళలో చూశాను. చాలాసార్లు ర్యామ్ తీసి దాని బంగారు రంగు అంచుని మెత్తటి రబ్బరుతో తుడిచి పెడితే లేచి కూర్చుంటుంది. అది ఇంట్లో చేసుకోగలిగిన పనే. ప్లగ్ పీకేసి, చేత్తో ఏదైనా లోహాన్ని ముట్టుకున్న తర్వాత చేయండి. పోర్టులు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. కొబ్బరినూనె, సెంటు, శానిటైజర్ వద్దు.

ప్లాస్టిక్ కవర్ కప్పేవాళ్ళు మెషిన్ పూర్తిగా చల్లారాకే కప్పండి. లేకపోతే తేమ లోపలే చిక్కుకుంటుంది. వన్‌టౌన్‌లో ఓడరేవు చుట్టుపక్కల, గాజువాక వైపు ఉండేవాళ్ళకి ఉప్పు కంటే దుమ్ము బెడద ఎక్కువ. ఫ్యాన్ మూసుకుపోయి ల్యాప్‌టాప్ కాలిపోతున్నట్టు వేడెక్కుతుంటే విప్పించి శుభ్రం చేయించండి. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, మీకు అది స్లో అయినట్టు కనిపిస్తుంది.

తుఫాను హెచ్చరిక వచ్చింది. కంప్యూటర్ విషయంలో ఏం చేయాలి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఊరి మీద విరుచుకుపడ్డప్పుడు ఏం జరిగిందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు, రోజుల తరబడి. అద్దాలు పగిలి గదుల్లోకి నీళ్ళొచ్చాయి.

కాబట్టి కరెంటు ఉన్నప్పుడే ముఖ్యమైన ఫైళ్ళు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని రెండు జిప్ కవర్లలో పెట్టి, కిటికీలకి దూరంగా ఎత్తైన అరలో పెట్టండి. నెట్ ఉన్నప్పుడే అత్యవసరమైనవి, అంటే ఇన్సూరెన్స్ పాలసీ, ఇంటి కాగితాలు, ఆధార్, ఫోన్ నంబర్లు, మీ జీమెయిల్‌కే పంపుకోండి. కొన్ని నంబర్లు కాగితం మీద రాసుకోండి. ల్యాప్‌టాప్, పవర్ బ్యాంకు ఫుల్ ఛార్జ్ చేసుకోండి.

గాలి మొదలయ్యాక ప్లగ్గులు పీకేయండి. స్విచ్ కట్టేస్తే చాలదు. రౌటర్‌కి వచ్చే నెట్ కేబుల్ కూడా తీసేయండి, ఎందుకంటే పిడుగు దెబ్బ కరెంటు తీగలోంచే రావాలని లేదు, రాగి తీగ ఉన్న ల్యాన్ కేబుల్‌లోంచి కూడా వచ్చి మదర్‌బోర్డు మాడిపోతుంది. తుఫాను వెళ్ళిపోయాక కరెంటు వచ్చిన మొదటి గంట ఓల్టేజ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఫ్యాను వేగం నిలకడగా ఉందో లేదో కాసేపు చూసి అప్పుడు ప్లగ్ పెట్టండి. తడిసిన మెషిన్‌ని పనిచేస్తుందేమో చూద్దామని ఆన్ చేయొద్దు. తడిసింది బతకొచ్చు, తడి మీద కరెంటు పారింది బతకదు.

బ్యాకప్ అంటే ఏం చేయాలి? గూగుల్ డ్రైవ్ ఉంది కదా?

ఉంటే మంచిదే, అది ఒక్కటే ఉంటే చాలదు. గూగుల్ డ్రైవ్ గానీ వన్‌డ్రైవ్ గానీ సింక్ చేస్తాయి. ఇక్కడ ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. రెండింటి చెత్తబుట్టలోనూ 30 రోజులే ఉంటుంది. మనవడు ఆడుకుంటూ చెరిపేసిన ఫోల్డర్ సంగతి మీకు రెండు నెలల తర్వాత తెలిస్తే చేసేదేం లేదు. జాగా కూడా పరిమితమే. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ సర్దుకోవాలి. వన్‌డ్రైవ్ ఇచ్చేది 5 జీబీ.

పాత సూత్రం ఒకటుంది, ఇప్పటికీ దానికి మించింది రాలేదు. ప్రతి ముఖ్యమైన ఫైలుకీ మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, వాటిలో ఒకటి ఇంటి బయట. కంప్యూటర్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో గానీ తమ్ముడింట్లో ఉంచిన ఇంకో డిస్క్‌లో గానీ ఒకటి. కాపీ చేశాక ఆ డిస్క్ తీసేసి పక్కన పెట్టాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే, ఫైళ్ళకి తాళాలేసి డబ్బడిగే ర్యాన్‌సమ్‌వేర్ వచ్చిన రోజున దానికీ తాళం పడుతుంది.

అప్పుడప్పుడూ డిస్క్ తగిలించి రెండుమూడు ఫొటోలు, ఒక ఎక్సెల్ ఫైలు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. పెన్ డ్రైవ్‌ని బ్యాకప్‌గా నమ్ముకోకండి. అది ఫైళ్ళు మోసుకెళ్ళడానికి బాగుంటుంది, ఏళ్ళ తరబడి దాచడానికి కాదు.

ముఖ్యమైన ఫైలు పొరపాటున డిలీట్ అయింది. వస్తుందా?

వెంటనే గమనిస్తే కంట్రోల్ జెడ్ నొక్కండి, లేదా రీసైకిల్ బిన్‌లో రీస్టోర్ చేయండి. అక్కడ లేకపోతే ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా ఆపేయండి. సాఫ్ట్‌వేర్ దింపడం, సినిమా కాపీ చేయడం, ఏదీ వద్దు. డిలీట్ అయిన ఫైలు జాగాలో కొత్తది వచ్చి కూర్చుంటే ఇక రాదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ని కూడా వేరే కంప్యూటర్‌లో దింపుకుని పెన్ డ్రైవ్ నుంచి నడపాలి. పాత హార్డ్ డిస్క్, పెన్ డ్రైవ్, కెమెరా కార్డు అయితే ఆశ ఎక్కువ. ఎస్ఎస్‌డీ ఖాళీ అయిన జాగాని తనంతట తానే తుడిచేసుకుంటుంది కాబట్టి ఆశ తక్కువ.

వర్డ్‌లో సేవ్ చేయకుండా మూసేస్తే ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్‌లోకి వెళ్ళి రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్ నొక్కండి. చాలాసార్లు దొరుకుతుంది.

తెలుగులో టైప్ చేయడం ఎలా? డీటీపీ సెంటర్లో చేయించిన ఫైలు మా సిస్టమ్‌లో పిచ్చి ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తోందేమిటి?

ముందు రెండో దాని సంగతి. డీటీపీ సెంటర్లలో చాలాకాలంగా అను ఫాంట్లు వాడుతున్నారు. వాటిలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న సిస్టమ్‌లో తెలుగులా కనిపిస్తుంది, లేని సిస్టమ్‌లో అసలు రంగు బయటపడుతుంది. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ తనదంటూ ఒక సంఖ్య ఉంటుంది, అందుకే మీ ఫోన్‌లో టైప్ చేసిన వాట్సాప్ సందేశం ప్రపంచంలో ఎక్కడైనా తెలుగులోనే కనిపిస్తుంది. డీటీపీ వాళ్ళని యూనికోడ్‌లో ఇమ్మని అడగండి, లేదా పీడీఎఫ్ చేసి ఇమ్మనండి. పాత అను ఫైళ్ళని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఒకసారి చదివి సరిచూసుకోవాలి. పుస్తకం వేయించుకున్న రచయితలూ, సంఘాల కార్యదర్శులూ తమ రాతల్ని అను ఫైళ్ళలోనే వదిలేస్తున్నారు. ఇంకో పదేళ్ళకి అవి తెరిచేవాళ్ళు దొరక్కపోతే ఆ రాతలు పోయినట్టే. దయచేసి ఇప్పుడే మార్చించి పెట్టుకోండి.

ఇక టైపింగ్. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్, యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి తెలుగు చేర్చండి. తర్వాత తెలుగు పక్కన ఆప్షన్స్‌లో కీబోర్డ్ చేర్చే చోట తెలుగు ఫోనెటిక్ ఎంచుకోండి. ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు కొడితే తెలుగు పడుతుంది. విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కితే తెలుగు, ఇంగ్లీషు మారుతుంటాయి. రోజూ పేజీలకి పేజీలు కొట్టేవాళ్ళు మాత్రం ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ అమరిక నేర్చుకోండి. మొదట్లో చేయి తిరగదు, తిరిగాక ఫోనెటిక్ కంటే చాలా వేగం. టైపింగే రాని పెద్దవాళ్ళకి క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్‌లో వాయిస్ టైపింగ్ పెట్టి భాష తెలుగు చేసి ఇవ్వండి. మాట్లాడితే పడుతుంది.

జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకొచ్చాక పెన్ డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి. ఫైళ్ళు పోయాయా?

పోలేదు, దాక్కున్నాయి. యూనివర్సిటీ చుట్టుపక్కల, మద్దిలపాలెం వైపు చదువుకునే పిల్లలు ఎక్కువగా పడే ఇబ్బంది ఇది. ఆ షాపు సిస్టమ్‌లోని వైరస్ మీ అసలు ఫోల్డర్లని హిడెన్ చేసి, అదే పేరుతో షార్ట్‌కట్‌లు పెట్టింది. వాటి మీద డబుల్ క్లిక్ చేస్తే వైరస్ మీ సిస్టమ్‌లోకి వస్తుంది. కాబట్టి క్లిక్ చేయకుండా ముందు విండోస్ సెక్యూరిటీతో పెన్ డ్రైవ్‌ని స్కాన్ చేయండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కి వెళ్ళి హిడెన్ ఫైల్స్ చూపించమనండి, ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దాచమన్న టిక్ తీసేయండి. మసకగా మీ ఫోల్డర్లు కనిపిస్తాయి. లోపలికి వెళ్ళి ఫైళ్ళు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, పెన్ డ్రైవ్‌ని మాత్రం ఫార్మాట్ చేసేయండి. పని అయ్యాక ఆ టిక్ మళ్ళీ పెట్టేయాలి.

ఇకమీదట ప్రింట్ తీయించాల్సిన ఒక్క పీడీఎఫ్ మాత్రమే పెన్ డ్రైవ్‌లో వేసుకెళ్ళండి. ప్రాజెక్ట్ రిపోర్టు ఉన్న ఏకైక కాపీతో షాపుకి వెళ్ళొద్దు. నెట్ సెంటర్లో జీమెయిల్ తెరిస్తే ఇన్‌కాగ్నిటోలోనే (బ్రౌజర్ ఏమీ గుర్తుపెట్టుకోని కిటికీలో) తెరవండి, లేచేముందు కిటికీ మూసేయండి.

4 జీబీ దాటిన వీడియో పెన్ డ్రైవ్‌లోకి ఎక్కడం లేదు, ఖాళీ ఉన్నా.

అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంది, దానిలో ఒక్కో ఫైలు 4 జీబీ మించకూడదు. లోపలివి వేరేచోట పెట్టుకుని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి.

ఉన్నట్టుండి స్క్రీన్ నిండా హెచ్చరిక, పెద్ద శబ్దం. వైరస్ ఉంది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

ఫోన్ చేయకండి. అది వైరస్ కాదు, ఒక వెబ్ పేజీ. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఎప్పుడూ ఫోన్ నంబర్ ఇవ్వదు. ఎఫ్11 నొక్కితే స్క్రీన్ మామూలు సైజుకి వస్తుంది, ఆ ట్యాబ్ మూసేయండి. మూసుకోకపోతే ఆల్ట్ ఎఫ్4. అదీ కాకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ మీద రైట్ క్లిక్ చేసి ఎండ్ టాస్క్. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటావా అని అడిగితే వద్దనండి.

స్క్రీన్ కింద కుడివైపు మూలన ఇలాంటివే పదేపదే వస్తుంటే, ఏదో సైటు నోటిఫికేషన్లు పంపుతానని అడిగినప్పుడు ఎవరో అలౌ నొక్కారన్నమాట. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్ళి తెలియని పేర్లన్నీ తీసేయండి. ఆ క్షణం నుంచే ఆగిపోతుంది.

అసలు ప్రమాదం ఆ నంబర్‌కి ఫోన్ చేశాక మొదలవుతుంది. అవతలివాడు చాలా మర్యాదగా మాట్లాడి ఎనీడెస్క్ లాంటి యాప్ దింపమంటాడు. అది నిజానికి మంచి యాప్, చెడ్డవాడి చేతిలో పడిందంతే. ఆ యాప్‌లో కనిపించే నంబర్ మీరు చదివి చెప్తే, అదే వాడికి మీ స్క్రీన్ తాళంచెవి. తర్వాత బ్యాంకు పేజీ తెరిపిస్తాడు. ఇప్పటికే అలా జరిగిపోయి ఉంటే ముందు నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల మీద ఫిర్యాదుకి కేంద్రం పెట్టిన నంబర్ అది. డబ్బు ఇంకా వాళ్ళ ఖాతాల్లో తిరుగుతుండగానే ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. పరువు పోతుందని, పిల్లలు తిడతారని పెద్దవాళ్ళు మర్నాటిదాకా చెప్పరు. ఇంట్లోవాళ్ళు ఈ ఒక్క విషయంలో వాళ్ళని తిట్టకండి. తిట్టరన్న ధైర్యం ఉంటేనే వాళ్ళు వెంటనే చెప్తారు.

మరి యాంటీవైరస్ కొనాలా?

ఇంట్లో వాడుకునేవాళ్ళకి అక్కర్లేదు. విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు, అప్‌డేట్లు ఆపకుండా ఉంటే. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వేసుకోవడానికి డిఫెండర్‌ని ఆఫ్ చేయమంటారు చూడండి, అక్కడ ఆగిపోండి.

మా పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కణ్ణుంచి మా సిస్టమ్ చూడగలరా?

చూడగలరు. విండోస్‌లోనే క్విక్ అసిస్ట్ అని ఉంది. విండోస్ కీ, కంట్రోల్, క్యూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. వాళ్ళ వైపు హెల్ప్ సమ్‌వన్ నొక్కితే ఒక కోడ్ వస్తుంది, అది ఫోన్‌లో మీకు చెప్తారు, మీరు టైప్ చేస్తారు. ఫోన్ మీరే వాళ్ళకి చేయాలి, లేదా గొంతు గుర్తుపట్టాలి. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఫోన్ చేసి ఇదే క్విక్ అసిస్ట్ తెరవమన్నా తెరవొద్దు.

ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడుగుతోంది. తెరిచాక సంతకం దగ్గర పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తోంది.

పాస్‌వర్డ్ ఆధార్‌లో ఉన్న పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, అన్నీ క్యాపిటల్, వెంటనే పుట్టిన సంవత్సరం. లక్ష్మి అని మొదలయ్యే పేరు, 1985 అయితే ఎల్, ఏ, కే, ఎస్, తర్వాత 1985. మనవాళ్ళకి చిక్కు ఇంటిపేరు దగ్గర వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటే దాని అక్షరాలే తీసుకోవాలి. పొడి అక్షరం, చుక్క ఉంటే చుక్కని కూడా ఒక అక్షరంగా లెక్కపెట్టాలి, మధ్యలో ఖాళీ వదలకూడదు.

ప్రశ్నార్థకం ఉన్నంత మాత్రాన ఆధార్ చెల్లదని కాదు, మీ సిస్టమ్ ఆ సంతకాన్ని ఇంకా సరిచూడలేదని. అడోబీ రీడర్‌లో తెరిచి, నెట్ ఉండగా, దాని మీద రైట్ క్లిక్ చేసి వ్యాలిడేట్ సిగ్నేచర్ అనండి. కుదరకపోతే సిగ్నేచర్ ప్రాపర్టీస్, షో సైనర్స్ సర్టిఫికెట్, ట్రస్ట్ ట్యాబ్‌లో యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్ (పాత వెర్షన్లలో ఐడెంటిటీస్) ఇచ్చి మళ్ళీ వ్యాలిడేట్ చేయండి. పచ్చ టిక్ వస్తుంది.

ఉద్యోగాల దరఖాస్తుల్లో ఫొటో ఇన్ని కేబీ లోపే ఉండాలంటే విండోస్ ఫొటోస్ యాప్‌లో తెరిచి రీసైజ్ ఇమేజ్ నొక్కండి. క్వాలిటీ జరుపుతుంటే సైజు ఎంతకు తగ్గుతుందో పక్కనే చూపిస్తుంది. ఆధార్, మార్కుల మెమోలు తెలియని వెబ్‌సైట్లలోకి ఎక్కించి సైజు తగ్గించుకోవద్దు. స్కాన్ చేసేటప్పుడే 150 డీపీఐ పెట్టుకుంటే చాలావరకు ఆ అవసరమే రాదు. ఆఖరి తేదీ రాత్రి మాత్రం ఈ పనులు పెట్టుకోకండి.

ప్రింటర్ ఆన్‌లోనే ఉంది, సిస్టమ్ మాత్రం ఆఫ్‌లైన్ అంటోంది.

ప్రింటర్, రౌటర్, సిస్టమ్ మూడూ రీస్టార్ట్ చేయండి. ప్రింటర్ క్యూలో ఇరుక్కున్నవన్నీ క్యాన్సిల్ చేయండి. కదలకపోతే స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి, ప్రింట్ స్పూలర్ మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ ఇవ్వండి. ఇంక్ ప్రింటర్ ఉన్నవాళ్ళు వారానికో రంగుల పేజీ తీయండి, లేకపోతే హెడ్ ఎండిపోతుంది.

హాల్లో నెట్ బాగుంది, బెడ్రూంలో రావడం లేదు.

5 గిగాహెర్ట్జ్ వైఫైకి వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. దూరం గదుల్లో 2.4కి కలపండి. రౌటర్‌ని టీవీ వెనకా, ఇనుప బీరువా పక్కనా కాకుండా ఇంటి మధ్యలో ఎత్తుగా పెట్టండి.

ఏ సైటు తెరిచినా కనెక్షన్ ప్రైవేట్ కాదంటోంది.

కింద మూలన తేదీ చూడండి. ఎప్పటిదో పాత సంవత్సరం ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. మార్చి తేదీ సరిచేస్తే అన్నీ తెరుచుకుంటాయి.

రిపేరుకి ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

మొదట బిట్‌లాకర్. కొత్త విండోస్ 11 మెషిన్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే మీకు తెలియకుండానే డిస్క్‌కి తాళం పడి ఉండొచ్చు. మదర్‌బోర్డు మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే డేటా ఎవరూ తీయలేరు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఆ కీ ఉంటుంది, ఇప్పుడే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆ అకౌంట్ తెరిచినవాళ్ళు షాపువాళ్ళో, మీ మేనల్లుడో అయితే ఆ మెయిల్, పాస్‌వర్డ్ అడిగి తెలుసుకోండి.

తర్వాత పాస్‌వర్డ్‌లు సేవ్ చేసిన బ్రౌజర్, వాట్సాప్, జీమెయిల్ అన్నిట్లోంచీ సైన్ అవుట్ అవ్వండి. మెషిన్ ఆన్ అవ్వని స్థితిలో ఉంటే ఫోన్‌లోంచే వాట్సాప్ లింక్డ్ డివైసెస్‌లో దాన్ని తీసేసి, గూగుల్ అకౌంట్‌లో ఆ కంప్యూటర్‌ని సైన్ అవుట్ చేయొచ్చు. ద్వారకానగర్‌లో ఇచ్చినా, మీ వీధి చివర ఇచ్చినా సీరియల్ నంబర్, ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత అని రసీదు మీద రాయించుకోండి. డేటా తుడవొద్దని కూడా అదే రసీదు మీద రాయించండి, నోటిమాటగా వదలొద్దు. డిస్క్ మారిస్తే పాతది పాడైపోయిందన్నా సరే అడిగి తీసుకోండి. పాడైందన్న డిస్క్‌లోంచి కూడా ఫొటోలు, బ్యాంకు కాగితాలు బయటకి తీయగలిగేవాళ్ళు ఉంటారు.